దేవన్నకు వినపడని చప్పుడు

బోధన్‌లో నిజామాబాద్ రోడ్డు మీద, ఎరువుల దుకాణాలు దాటాక ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. అయినా చుట్టుపక్కల పాత డీజిల్ కారు ఉన్న ప్రతివాడికీ ఆ షెడ్డు తెలుసు, అందులో పనిచేసే దేవన్న తెలుసు.

దేవన్నకు పేరొచ్చింది చేతుల వల్ల కన్నా చెవుల వల్ల. బండి రోడ్డు దిగి షెడ్డు వైపు తిరుగుతుండగానే, లోపల ఏదో పని మీద వంగి ఉన్నవాడు తల ఎత్తకుండానే, "నీ వాటర్ పంపు పోయేతట్టున్నది" అనేవాడు. డ్రైవరు నమ్మనట్టు నవ్వేవాడు. బోనెట్ ఎత్తి చూస్తే పంపు కింద తడి కనిపించేది. వర్ని నుంచి, నందిపేట్ నుంచి, ఒక్కోసారి సరిహద్దు అవతలి మహారాష్ట్ర ఊళ్ల నుంచి కూడా బండ్లు వచ్చేవి. ఇంజను మొత్తం విప్పాల్సిందేనని ఎవరో తేల్చిన బండి, దేవన్న దగ్గర ఒక రబ్బరు గొట్టం మార్చుకుని ఇంటికి పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఆ విద్య ఆయనకు ఉస్తాద్ రామ్‌దాస్ పెట్టిన భిక్ష. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు సీజను వచ్చిందంటే బోధన్ రోడ్లన్నీ లారీలే. బారులు తీరిన ఆ లారీల్లో ఏదో ఒకటి ఎప్పుడూ మొరాయిస్తూ ఉండేది. దేవన్న తండ్రి ఆశన్న చెరుకు నరికే కూలీల మేస్త్రీ. కొడుకు బడి ఎగ్గొట్టి లారీల చుట్టూ తిరుగుతున్నాడని తెలిసి, కొట్టకుండా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రామ్‌దాస్ ముందు నిలబెట్టాడు. రామ్‌దాస్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజను మీద పెట్టి, పిడిని పిల్లవాడి చెవి పక్క ఎముకకు ఆనించేవాడు. "కండ్లు మూస్కో. ఏం ఇనవడ్తుందో చెప్పు" అనేవాడు. తప్పు చెబితే తిట్టేవాడు కాదు. మళ్లీ వినమనేవాడు. అట్లా వినీ వినీ దేవన్నకు ఇంజను లోపల ఏది ఎక్కడ తిరుగుతుందో, ఏది ఎక్కడ అరుగుతుందో కళ్లకు కట్టినట్టు తెలిసిపోయేది.

కాలం మారింది. ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు తోటలు చాలావరకు వరి మళ్లయ్యాయి. రామ్‌దాస్ కాలం చేశాడు. లారీలు తగ్గేసరికి దేవన్న కార్ల వైపు మళ్లాడు. కంప్యూటర్ తగిలిస్తే తప్ప జబ్బు చెప్పని కొత్త కార్లను ముట్టుకునేవాడు కాదు. పాతవి ఈ ప్రాంతంలో తక్కువేం లేవు. షెడ్డు వెనకే ఇల్లు. భార్య త్రివేణి బాల్కొండ పిల్ల. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కూతురి పెళ్లయి ఆర్మూర్‌లో ఉంది. మొగుడూ పెళ్లాలకు ఎవరి పని వారికి సరిపోయేది. లోటు అనుకున్నదేమీ లేదు.

చెవి ఎప్పుడు తప్పడం మొదలైందో దేవన్న చెప్పలేడు. ఒక్కసారిగా పోతే తెలిసేదే. ముందు సన్నని చప్పుళ్లు పోయాయి. జేబులో ఫోను మోగుతుంటే పక్కవాళ్లు చెప్పాల్సి వచ్చేది. "మూడు విజిల్స్ కాంగనే పొయ్యి బంద్ చెయ్" అని త్రివేణి చెప్పి బజారుకు పోతే, తిరిగొచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ. ఆమె గొంతు కూడా ఆయనకు దూరమవుతూ వచ్చింది. ఏదో కోపం మనసులో పెట్టుకుని మెల్లగా మాట్లాడుతోందనుకున్నాడు. అడిగితే గొడవని ఊరుకున్నాడు.

ఇంజన్ల దగ్గర మాత్రం చాలా రోజులు నెట్టుకొచ్చాడు. బరువైన చప్పుళ్లు ఇంకా అందుతున్నాయి. మిగతాది పొగ రంగు చూసి, వాసన చూసి, చెయ్యి పెట్టి సర్దుకునేవాడు. గిరాకీ వస్తే గోడకు వీపు ఆనించి, మనిషి మూతి కనిపించేలా నిలబడేవాడు. అర్థం కాకపోతే "ఎప్పటి సంది?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఏ రోగానికైనా సరిపోతుంది. మెకానిక్‌కు చెవుడని తెలిస్తే బండి ఎవడు తెస్తాడన్నది ఆయన భయం. ఆ భయం ఆయన్ని అబద్ధానికి అలవాటు చేసింది.

వానాకాలం వరి కోతలు అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం గిరిబాబు కారు తీసుకుని వచ్చాడు. వర్ని దారిలో క్యాంపు అని పిలిచే వలస రైతుల ఊళ్లో పెద్ద రైతు. నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కారు పదిహేనేళ్లు దాటినా శ్రద్ధగా ఉంచుకున్నాడు.

"దేవన్నా, యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా ఈల వేసినట్టు వస్తోంది. రేపు హైదరాబాద్ వెళ్లాలి. ఒకసారి చూడు" అన్నాడు.

దేవన్న స్క్రూడ్రైవర్ తీసి ఇంజను మీద ఒక్కోచోటే పెట్టి విన్నాడు. దడదడ తప్ప ఇంకేమీ లేదు. గిరిబాబు యాక్సిలరేటర్ తొక్కి, "అదిగో, విన్నావా?" అన్నాడు. దేవన్న తల ఊపాడు.  ఇంకొకరికి చూపించమని ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు.

"ఫ్యాన్ బెల్టు గట్టిపడ్డది. గదే కూస్తది" అన్నాడు.

బెల్టు నిజంగానే పాతది. మార్చాడు. గిరిబాబు మళ్లీ తొక్కి చూశాడు. రోడ్డు మీద అదే సమయానికి వడ్ల ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. "తగ్గినట్టే ఉంది" అని వెళ్లిపోయాడు. చాయ్ గ్లాసులు తెచ్చిన త్రివేణి అక్కడే నిలబడి ఉంది. పోతున్న కారులోంచి, నూనె లేని కుట్టుమిషన్ కూసినట్టు, సన్నగా, ఆ చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. ఆమె మొగుడి మొహం చూసింది. ఆయనకు తెలియనిదా అనుకుని గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఇందల్వాయి దాటుతుండగా జాతీయ రహదారి మీద ఆ కారు ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. స్టీరింగ్ బరువెక్కింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు గట్టిగా బ్రేకు వేసి పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది. గిరిబాబుకు, పక్కన కూర్చున్న భార్యకు దెబ్బ తగలలేదు. కారును నిజామాబాద్‌కు లాక్కెళ్లి విప్పితే అసలు సంగతి తెలిసింది. ఈల వేసింది ఫ్యాన్ బెల్టు కాదు. లోపల టైమింగ్ బెల్టును బిగించి పట్టే చిన్న బేరింగు. అది ఎండిపోయి పట్టేసింది. బెల్టు తెగింది. వాల్వులన్నీ వంగిపోయాయి.

గిరిబాబు రెండ్రోజులు ఆగి మోటారు సైకిల్ మీద వచ్చాడు. గొంతు పెంచలేదు.

"అరవడానికి రాలేదు దేవన్నా. ఆ లారీ అతను చూసుకోకపోతే ఏమయ్యేదో నీకూ తెలుసు. నువ్వు బాగుందన్నావని బయల్దేరాం. అంతే" అన్నాడు.

దేవన్నకు అందులో సగమే అందింది. మిగతా సగం ఆ మొహంలో కనబడింది.  మోటారు సైకిల్ వెళ్లిపోయిన తర్వాత కూడా అక్కడే నిలబడిపోయాడు.

ఆ రోజు నుంచి షెడ్డు తలుపు తెరిచినా పని తెరుచుకోలేదు. ఆయిల్ మార్చడం, ఫిల్టర్ మార్చడం లాంటివి మాత్రం చేసేవాడు. చప్పుడని ఎవరైనా వస్తే, "నిజామాబాద్ తీస్కపో, నాతోటి కాదు" అనేవాడు. అన్నం సయించడం మానేసింది. త్రివేణి కొన్నాళ్లు చూసింది. ఒక పొద్దున్న ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆ కారు కూసుడు నాకు ఇనవడ్డది" అంది.

"ఏందీ?"

"గిరిబాబు కారు. నువ్వు బెల్టు మార్సినంక గుడ కూసింది. నాకు ఇనవడ్డది."

దేవన్న ఆమె పెదవుల వైపే చూస్తూ ఉన్నాడు. "మరి చెప్పకపోతివి?"

"నువ్వు ఉస్తాద్‌వి. నీకు ఇనవడంది నాకు ఇనవడ్డదని నేనెట్ల అనుకుంట?" అని, అన్న తర్వాత ఆమెకే ఆ మాట తగిలింది. మాడిన పప్పు, మోగుతున్న ఫోను, పిలిచినా పలకని వీపు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. "ఎన్నాళ్ల సంది?" అని మెల్లగా అడిగింది. ఆయనకు అది అందలేదు. గట్టిగా మళ్లీ అడిగింది.

"తెల్వది. నువ్వే మెల్లగ మాట్లాడుతున్నవనుకున్న. నా మీద కోపమొచ్చిందేమో అని."

త్రివేణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వీధి చివర కూరగాయల బండిని ఇంట్లోంచే ఆపే గొంతు ఆమెది. "పుట్టినకాంచి నేను మెల్లగ మాట్లాడిందెన్నడు? కోపమొస్తే నీకు తెల్వకుంట ఉంటదా?" అంది. డాక్టరుకు చూపించుకుందాం పదమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెవికి మిషను పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే ఊరంతా చూస్తుందన్నాడు. ఆమె ఆ రోజుకు ఊరుకుంది.

సంక్రాంతి అయిపోయి, యాసంగి నాట్లు పడుతున్నప్పుడు షెడ్డు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఎవరూ దిగలేదు. డ్రైవరు చెయ్యి ఊపితే దేవన్నే దగ్గరికి పోయాడు. లోపల గిరిబాబు తల్లి పున్నమ్మ కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. తుంటి నొప్పి వల్ల ఎక్కడం దిగడం కష్టమై ఆటోలోనే ఉండిపోయింది.  కొడుకు అనకుండా వదిలేసిన మాటలు అనడానికి తల్లి వచ్చిందనుకున్నాడు దేవన్న.

పున్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. దేవన్న తల ఊపాడు. ఆమె ఇంకో మాట అంది. దేవన్న, "అవునమ్మా" అన్నాడు.

ఆమె కొంగు తీసింది. "నేనేమన్నాను?"

దేవన్న నేల చూశాడు.

"నీకు కొమ్ములు మొలిచాయా అని అడిగాను. అవునన్నావు" అంది పున్నమ్మ. ఆటో డ్రైవరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆమె మాత్రం నవ్వలేదు. చెవి మీది జుట్టు పక్కకు తీసి, లోపల పెట్టుకున్న చిన్న మిషను చూపించింది. "పోయిన దసరాకి మా ఇంటికి ట్రాక్టరు చూడ్డానికి వచ్చినప్పుడే అనుమానం వచ్చింది. గోడకి ఆనుకుని నా మూతి వంకే చూస్తున్నావు. నేనూ అలాగే చూసేదాన్నయ్యా, నాలుగేళ్లు. కోడలు ఏమడిగినా 'ఊఁ' అనేదాన్ని. ఓ రోజు మనవడు మెట్ల మీంచి పడి ఏడుస్తుంటే పక్క గదిలో ఉండీ నాకు తెలియలేదు. అప్పుడు వెళ్లి పెట్టించుకున్నా."

 ఆమె పెదవులు స్పష్టంగా కదులుతున్నాయి. దేవన్నకు ప్రతి మాటా అందింది.

"దీనికోసం రాలేదులే. నాకు పనుంది నీతో" అంటూ వచ్చిన పని చెప్పింది. ఆమె భర్త బసవయ్య కొన్న పాత డీజిల్ కారు ఒకటి ట్రాక్టరు కొట్టంలో పడి ఉంది. ఆయన పోయాక ఎవరూ కదిలించలేదు. కొడుకు తుక్కుకు ఇచ్చేద్దామంటున్నాడు. "కొత్త కార్లు ఎత్తు. ఎక్కాలంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. బస్తా లేపినట్టు లేపుతారయ్యా. ఆ పాత దాని సీటు నా నడుముకి సరిగ్గా ఉంటుంది. నేనే కూర్చుంటా, నేనే దిగుతా. అది నడిస్తే నా అంతట నేను ఎక్కడికైనా వెళ్తా. నిజామాబాద్ వాళ్లు వచ్చి చూసి పనికిరాదన్నారు. విప్పి చూడకుండానే అన్నారు. నువ్వు విప్పి చూసి చెప్పు."

"నాకు ఇనవడది కదమ్మా" అన్నాడు దేవన్న. ఆ మాట పరాయి మనిషితో అనడం అదే మొదలు.

"చేతులకి కూడా చెవుడొచ్చిందా?" అంది పున్నమ్మ.

మర్నాడు పొద్దున్నే దేవన్న పానాల పెట్టె సర్దుతుంటే త్రివేణి కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి వచ్చి నిలబడింది. తనూ వస్తానంది. "నీకు ఇనవడని చప్పుడొస్తే ఎవలు చెప్పాలె మరి?" అంది. దేవన్న కాదనలేకపోయాడు.

కొట్టంలో పరదా కింద ఉన్న కారు మీద పిట్టల రెట్టలు, ఎలుకలు కొరికిన వైర్లు. టైర్లు నేలకు కరుచుకుపోయాయి. గిరిబాబు దూరంగా మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు, పలకరించలేదు. దేవన్న తొందరపడలేదు. ఇన్నాళ్లు పడుకున్న ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొడితే ఉన్నది కూడా పాడవుతుంది. ముందు పానాతో ఇంజనును చేత్తో తిప్పి చూశాడు. బిగుసుకుపోలేదు. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశాడు. డీజిల్ ట్యాంకు విప్పి వంచితే అడుగు నుంచి నీళ్లు, తుప్పు, జిగట కలిసిన ఎర్రటి బురద దిగింది. ట్యాంకు కడిగి ఆరబెట్టి, ఫిల్టరు మార్చాడు. చలికి ఇంజను లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు తీసి ఒక్కొక్కటే బ్యాటరీకి తగిలించాడు. అన్నీ నిప్పు కణికల్లా ఎర్రబడ్డాయి, ఒకటి నల్లగానే ఉండిపోయింది. దాన్ని మార్చాడు.

ట్రాక్టరు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంది. పున్నమ్మ వరండాలోంచి చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం పూర్తి కాకముందే ఆగిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ అంతే, కాసేపు నడిచి ఆగిపోవడం.

"డీజిల్ అందుతలేదు. ఎక్కడ్నో గాలి గుంజుతున్నది" అన్నాడు దేవన్న. పాత రోజుల్లో అయితే పంపు దగ్గర చెవి పెట్టేవాడు. ఇప్పుడు పంపుకు ముందు గొట్టంలో ఒక ముక్క తీసి, దాని బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టాడు. ఇంజను తిప్పితే డీజిల్‌తో పాటు బుడగలు వరసగా పోవడం కంటికి కనిపించింది. అక్కడి నుంచి ట్యాంకు దాకా కారు కింద పడుకుని వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. వెనక చక్రం దగ్గర రబ్బరు గొట్టం పైకి బాగానే ఉంది. వంచితే వెంట్రుకంత పగులు. దాన్ని మార్చాక బుడగలు ఆగాయి. ఇంజను ఆగకుండా నడిచింది. కానీ తెల్లటి పొగ, మలేరియా వచ్చినట్టు వణుకు.

"ఒక సిలిండర్ పని చేస్తలేదు" అన్నాడు. అది ఏదన్నది ఎలా తెలుస్తుంది? ఆయన త్రివేణి చేతికి నీళ్ల చెంబు ఇచ్చాడు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టి కాసేపట్లోనే పొగ బయటికి పోయే ఇనుప గొట్టాల మొదళ్ల మీద వేళ్లతో నీళ్లు చిలకరించమన్నాడు. మూడింటి మీద పడ్డ చుక్కలు పెనం మీద పడ్డట్టు ఆవిరైపోయాయి. ఒకదాని మీద చుక్కలు అట్లాగే మెల్లగా జారాయి.

"గదే" అన్నాడు దేవన్న. అనగానే ఆయన మొహం విప్పారింది. త్రివేణి ఆ మొహం చూసి చాలా నెలలైంది. పేపరు మడిచి గిరిబాబు కూడా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఆ సిలిండర్ ఇంజెక్టర్ విప్పి నిజామాబాద్‌లో ఇంజెక్టర్లు పరీక్షించే దుకాణానికి తీసుకెళ్లాడు. నాజిల్ పట్టేసింది. కొత్తది వేయించుకొచ్చి బిగించాడు. ఇంజను నడిచింది, వణుకు చాలావరకు తగ్గింది, పొగ పల్చబడింది. దేవన్న బోనెట్ మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. ఎక్కడో చిన్న కుంటు ఉన్నట్టే ఉంది. అది నిజమో తన అనుమానమో తేలడం లేదు. అప్పుడు త్రివేణి దగ్గరికి వంగింది.

"చుస్ చుస్ అంటున్నది" అంది.

"ఎక్కడ?"

"గదో, నువ్వు కొత్తగ బిగించినదాని కాడనే. కుక్కర్ రబ్బరు వదులైతే ఆవిరి పోతది సూడు, గట్ల."

దేవన్న సబ్బు నురగ తెచ్చి ఇంజెక్టర్ మొదట్లో పోశాడు. నురగ బుస్సుమని పొంగి బుడగలు లేచాయి. ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషరు ఆయన పాతదే మళ్లీ వేశాడు. పక్క నుంచి గాలి జారిపోతోంది. నలభై ఏళ్ల పనిలో తాను ఎప్పుడూ చేయని పొరపాటని ఆయన అనుకున్నాడు. తర్వాత, ఒకప్పుడు చేసి ఉన్నా ఆ చప్పుడు తనే విని దిద్దుకునేవాడిననీ అనుకున్నాడు. వాషరు మార్చాడు. ఈసారి ఇంజను మీద పెట్టిన చేతికి నీళ్ల మీద పడవలా నున్నని ఊపు తగిలింది. "పోయిందా?" అని త్రివేణిని అడిగాడు. పోయిందని ఆమె తల ఊపింది.

చేతులు తుడుచుకుని దేవన్న గిరిబాబు ముందుకు వెళ్లాడు.

"ఆ దినం నాకు ఇనవడలె. ఇనవడ్డట్టు చేసిన. తప్పైంది" అన్నాడు.

 "అప్పుడే చెప్పి ఉంటే ఇంకొకరికి చూపించుకునేవాణ్ణి కదా" అన్నాడు గిరిబాబు.

"అవును."

"మా అమ్మ నిన్ను పిలుస్తానంటే నేనొద్దన్నాను. ఆవిడ వినలేదు." అంటూ కారు వైపు చూశాడు. "మధ్యాహ్నమైంది. భోంచేసి వెళ్లండి" అన్నాడు. క్షమించానని అనలేదు. దేవన్న కూడా అది అడగలేదు. ఇద్దరూ కలిసే కూర్చుని తిన్నారు. గిరిబాబు తన మూతి దేవన్నకు కనబడేలా ఎదురుగా కూర్చుని, పచ్చిపులుసు ఇంకొంచెం వేయించుకోమన్నాడు.

టైర్లు మార్చి, బండి కాగితాల పని తేలాక ఆ కారు మొదటి ప్రయాణం నిజామాబాద్‌కు. గిరిబాబు నడిపాడు. పున్నమ్మ ముందు సీట్లో, ఎవరూ పట్టుకోకుండా తానే కూర్చుంది. వెనక దేవన్న, త్రివేణి. పోయేది చెవి డాక్టరు దగ్గరికి. ఎదురు చెప్పే అవకాశం దేవన్నకు ఎవరూ ఇవ్వలేదు. డాక్టరు పరీక్ష చేసి, ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన నిలబడడం వల్ల సన్నని చప్పుళ్లు పట్టే నరం దెబ్బతిన్నదనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ, మిషను పెట్టుకుంటే మనుషుల మాట అందుతుందనీ కాగితం మీద గీసి వివరించాడు.

మిషను మొదట్లో దేవన్నకు నరకంలా అనిపించింది. గిన్నెలు, హారన్లు, ఫ్యాను రెక్కలు అన్నీ తలలోనే మోగాయి. అది పెట్టుకుని షెడ్డులో నడుస్తున్న ఇంజను దగ్గరికి పోతే బుర్ర పగిలిపోయినట్టయింది. ఆయన ఎదురుచూసింది వేరు. మిషను పెడితే పాత చెవులు తిరిగొస్తాయని, రామ్‌దాస్ నేర్పిన చప్పుళ్లన్నీ మళ్లీ వినొచ్చని లోపల్లోపల ఆశపడ్డాడు. అది జరగలేదు. రెండ్రోజులు దిగాలుగా కూర్చున్నాడు. తర్వాత పున్నమ్మ ఫోను చేసి, "అలవాటయ్యేదాకా రోజూ కొంచెంసేపు పెట్టుకో. ఇంజనుకి కాదు, మనుషులకి" అంది. ఆ ఫోను ఆయనే ఎత్తాడు, ఆయనే విన్నాడు.

దాంతో ఒక పద్ధతి కుదిరింది. గిరాకీ వస్తే మిషను పెట్టుకుని ముందే చెప్పేస్తాడు. "నాకు చెవులు మందం. ఎదురుంగ నిలవడి మాట్లాడు. చప్పుడు మా ఇంటామె ఇంటది, పని నేను చేస్త." బోనెట్ ఎత్తాక మిషను తీసి డబ్బాలో పెట్టి, నరానికి ఇంకా దెబ్బ తగలకుండా చెవులకు డొప్పలు తగిలించుకుంటాడు. త్రివేణికి కూడా ఒక జత కొన్నాడు. వినే పని లేనప్పుడు చెవులు మూసుకోమని ఆమెతో రోజూ పోట్లాడతాడు. డాక్టర్లు గుండె వినడానికి వాడేలాంటి గొట్టం, చివర ఇనుప పుల్ల ఉన్నది, నిజామాబాద్‌లో దొరికితే తెచ్చాడు. త్రివేణి దాన్ని మెడలో వేసుకుని వస్తే మొదట్లో డ్రైవర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడమనిషి బండి రోగం చెప్పడమేంటని ఇద్దరు ముగ్గురు వెనక్కి తిప్పుకుని పోయారు కూడా. పోయినవాళ్లలో ఒకడు తిరిగొచ్చాడు. మిగతావాళ్లు రాలేదు. షెడ్డు మునుపటంత రద్దీగా లేదు, కానీ ఖాళీగానూ లేదు.

ఆమె చప్పుళ్లకు ఆమె పేర్లే పెట్టింది. వాల్వుల దగ్గరి వదులు "గాజుల చప్పుడు". ఇంజెక్టర్ కొట్టుకోవడం "శనగలు వేగుడు". దేవన్న మొదట్లో నవ్వి, తర్వాత అవే పేర్లు వాడడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది ఆయన చేత్తో, కంటితో, నీటి చుక్కతో, సబ్బు నురగతో సరిచూస్తాడు. ఒక్కోసారి ఆమె చెప్పింది తప్పవుతుంది. "ఇంకోపారి ఇను" అంటాడు. తిట్టడు.

ఎండాకాలం వచ్చి వరి కోసిన మళ్లు ఖాళీ అయ్యాక త్రివేణి ఒక కోరిక కోరింది. కొన్ని చప్పుళ్లు బండి నడుస్తున్నప్పుడే వస్తాయి, పక్క సీట్లో కూర్చుంటే సరిగ్గా అర్థం కావడం లేదు, తనకు డ్రైవింగ్ కావాలి అంది. నేర్పింది పున్నమ్మ. నలభై ఏళ్ల వయసులో ఆమె అదే పాత కారు మీద నేర్చుకుని, తుంటి నొప్పి వచ్చేదాకా వర్ని సంతకు నడుపుకుంటూ వెళ్లేదట. మోడు మళ్లలో పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చి మెల్లగా వదలవే, నిండు పాల గిన్నె కింద పెట్టినట్టు" అని పాఠం చెప్పేది. కారు కుదుపుకు ఇద్దరూ ముందుకు తూలి నవ్వేవాళ్లు. గిరిబాబు గట్టు మీద నిలబడి, గట్టు గుద్దకుండా చూడండని అరిచేవాడు.

మొన్న వానాకాలం మొదట్లో సరిహద్దు అవతల నుంచి తుకారాం అనే ఒకాయన తన పాత డీజిల్ కారు తీసుకొచ్చాడు. సగం మరాఠీ, సగం తెలుగు. ఏదో చప్పుడు వస్తోందనీ, బండి ఎక్కడ ఆపినా ఆ చప్పుడు ఆగిపోతోందనీ చెప్పాడు. దేవన్న బోనెట్ ఎత్తి చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు. ఇంజను బాగానే ఉంది. తాళాలు త్రివేణి చేతికిచ్చాడు. లైసెన్సు వచ్చి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. తుకారాం దేవన్న వైపు చూశాడు. దేవన్న తల ఊపాడు. తుకారాం పక్క సీట్లో కూర్చున్నాడు.

త్రివేణి కారు రోడ్డెక్కించి ఎడపల్లి దాకా పోయి వచ్చింది. షెడ్డు ముందు ఆపి, దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఇంజను కాదు. ఎడమ దిక్కు ముందటి చక్రం. మలుపు తిరుగుతుంటే గరగర అంటున్నది, సక్కగ పోతుంటే ఉంటలేదు" అంది.

దేవన్న చెవి మీద చెయ్యి పెట్టి మిషను సర్దుకున్నాడు. "ఏ దిక్కు తిప్పితే ఎక్కువుంది?"

"కుడి దిక్కు."

"బరువు ఎడమ దిక్కు పడంగనే అరుస్తున్నదంటే చక్రం బేరింగే" అన్నాడు. లోపలికి పోయి జాకీ తెచ్చి కారు కిందికి తోశాడు. త్రివేణి వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, తుకారాంకు స్టూలు చూపించి కూర్చోమంది.